గ్రంథాలయాల్లో పెద్దవాళ్లకూ రాత క్లాసులు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వ పోటీలు పెడతారు. బహుమతులిస్తారు, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. మంచిదే. నేను అడుగుతున్నది ఆ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి వెనక కుర్చీల్లో కూర్చునే అమ్మానాన్నల గురించి. ఎప్పుడో చదువు ఆపేసి పనుల్లో పడిపోయి, కరెంటు ఆఫీసుకు అర్జీ పెట్టాలన్నా ఇంకొకరి మొహం చూసేవాళ్లం మాలో చాలామందిమి. మాకు రాయడం నేర్పే చోటు ఎక్కడుంది?

నేను గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ పని, అంటే కంప్యూటర్లో టైపు కొట్టి అచ్చుకు సిద్ధం చేసే పని చేస్తాను. పెళ్లికార్డులు, కరపత్రాలు, దస్తావేజులు, పెద్దకర్మ పిలుపులు. అను తెలుగు ఫాంట్లలో కళ్లు మూసుకుని కొట్టగలను కానీ కొట్టేవన్నీ ఇంకొకరి మాటలే. ‘సదరు ఆస్తిపై నాకు గానీ నా వారసులకు గానీ ఎటువంటి హక్కులు లేవని’ అన్న వాక్యం నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా చెప్తాను. సొంతంగా నాలుగు ముక్కలు రాయమంటే మాత్రం చెయ్యి సాగేది కాదు. మా వీధిలో రిటైరైన తెలుగు లెక్చరర్ ఒకాయన ఆదివారం పొద్దున్నే మేడ మీద పెద్దవాళ్లకు కథలు, అనుభవాలు రాయడం నేర్పుతున్నారని తెలిసి చేరాను. ఫీజు టీ ఖర్చులకు సరిపోయేంతే. ‘ఈ వయసులో క్లాసులేంటి’ అని మా ఆయన నవ్వారు. ఆదివారం టిఫిన్ ఆయనే చేసుకోవాల్సి వస్తుందని తెలిశాక నవ్వడం మానేశారు.

మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే ఆయన ఒకరు మాతోపాటు వచ్చేవారు. ఓ వారం రైతు మీద రాసుకొచ్చారు. ‘రైతు దేశానికి వెన్నెముక’ అని మొదలు, ‘రైతే రాజు’ అని ముగింపు, మధ్యలో చెమట, కన్నీళ్లు. మాస్టారు అంతా విని, ‘మీరు చూసిన రైతు ఏ ఊరాయన?’ అని అడిగారు. ‘వినుకొండ అవతల నుంచి వచ్చాడండి. తేజ రకం మిరపకాయ తెచ్చాడు.’ ‘ధర తేలేదాకా ఎక్కడ కూర్చున్నాడు?’ ‘మిర్చి బస్తాల పక్కనే.’ ‘ఏం చేస్తూ?’ గుమాస్తాగారు ఆలోచించి, ‘రంగు చెడిన తాలు కాయలు ఏరుతున్నాడండి. ఇంటి దగ్గర ఏరేసిన సరుకే. మళ్లీ ఏరాడు’ అన్నారు. ‘అదీ రాయాల్సింది’ అన్నారు మాస్టారు. పై వారం ఆయన తెచ్చింది ఒక పేజీ కూడా లేదు. అందులో వెన్నెముకా లేదు, రాజూ లేడు. ఏరిన కాయలే మళ్లీ ఏరుతూ కమిషన్ కొట్టు వైపు చూస్తున్న మనిషి ఉన్నాడు. చదవడం అవ్వగానే మాలో ఒకావిడ, ‘ఇంతకీ క్వింటా ఎంతకి పోయిందండీ?’ అని అడిగింది. రాసినవాడికి అంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి?

ఆ క్లాసులో ఒక షరతుంది. ‘బాగుందండీ’ అని ఊరుకోకూడదు. ఎక్కడ బాగుందో, ఎక్కడ బోరు కొట్టిందో వేలు పెట్టి చూపించాలి. మొదట్లో ఇది అందరికీ గుచ్చుకుంటుంది. ఒకావిడ రెండు వారాలు అలిగి రాలేదు కూడా. కానీ రాసింది నలుగురి ముందు చదివి, మాటలు పడి, తిరగరాసి మళ్లీ వచ్చినవాళ్లకు బ్యాంకు మేనేజర్ ముందు నోరు విప్పడం అంత టెన్షన్ అనిపించదు. జీతాల పెంపు కోసం తోటి గుమాస్తాలు వినతిపత్రం రాయించుకున్నది మన మిర్చి యార్డు ఆయనతోనే. రాసి ఊరుకోలేదు, యజమానుల ముందు నిలబడి చదివింది కూడా ఆయనే.

ఇక సంపాదన సంగతి. రిటైరైన టీచర్లు, ఉద్యోగులు షష్టిపూర్తికో, అమ్మానాన్నల సంస్మరణకో చిన్న పుస్తకం వేయించుకోవడం గుంటూరు, విజయవాడల్లో మామూలే. ఇదివరకు చేతిరాత కాగితాలిచ్చి కంపోజ్ చెయ్యమనేవారు. ఇప్పుడు నేనే ఎదురుగా కూర్చుని అడిగి, ఫోన్లో రికార్డు చేసుకుని, వాళ్ల మాటల్లోనే రాసిపెడుతున్నాను. టైపింగుకు ఒక రేటు, రాసినందుకు ఇంకో రేటు. బేరం కూడా ఆడటం లేదు (బేరాలన్నీ పెళ్లికార్డుల దగ్గరే). మాతో చదివిన అంగన్‌వాడీ టీచర్ పిల్లల తిండి మీద ప్రసంగం రాసి ఆకాశవాణి విజయవాడ కేంద్రానికి పంపితే రికార్డింగుకు పిలిచారు. 1948 నుంచి వినిపిస్తున్న స్టేషన్లో తన గొంతు వచ్చిందని ఆమె కంటే వాళ్ల అత్తగారు ఎక్కువ మందికి చెప్పుకున్నారు. యూట్యూబ్ ఛానళ్ల స్క్రిప్టులు, ఆడియో కథల యాప్‌లకు ఎపిసోడ్లు, ఆసుపత్రులకూ బట్టల షాపులకూ ప్రకటనలు, ఇంగ్లీషు మ్యాటర్‌ను చదవబుద్ధయ్యే తెలుగులో పెట్టడం, ఇలా పనులైతే ఉన్నాయి. లక్షలొస్తాయని చెప్పను. ఇంటద్దెకు చేదోడు.

లక్షలొస్తాయని చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. ‘నెల రోజుల్లో సినిమా రచయిత అవ్వండి’ అనే కరపత్రం ఒకటి నా దగ్గరే కంపోజ్ అయింది. ఫీజు వేలల్లో. వాళ్లు రాసిచ్చిన మ్యాటర్ నిండా తప్పులు, దిద్దింది నేనే.

ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో సృజనాత్మక రచనకు డిప్లొమా ఉంది, ఇంగ్లీషులో. సాహిత్య సంఘాల వాళ్లు కథా కార్యశాలలు పెడతారు, 2019లో విజయవాడలో ప్రపంచ తెలుగు రచయితల మహాసభలూ జరిగాయి. అవన్నీ అప్పటికే రాస్తున్నవాళ్లకు. ఓనమాల దగ్గర ఆగిపోయిన మాబోటివాళ్లకు వారం వారం నడిచే క్లాసు కావాలి. అది గ్రంథాలయాల్లోనే ఎందుకంటే, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం కనక. పైగా గ్రంథాలయాన్ని జనం దగ్గరికి తీసుకెళ్లడం మనకు కొత్తేం కాదు. బెజవాడలో రామ్మోహన గ్రంథాలయం పెట్టింది 1911లో. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో అక్కడే పుట్టింది. 1935లో మా జిల్లా పెదపాలెం వాళ్లు, పాతూరి నాగభూషణం గారి ఆధ్వర్యంలో, పుస్తకాలను పడవకెత్తి కాలువ మీద ఊరూరా తిప్పారు. ఆ రోజుల్లో పడవ నడిపిన జిల్లాలో ఇవాళ ఒక గది ఇవ్వలేరా?

సిబ్బంది చాలరంటారు. సిబ్బంది పాఠం చెప్పక్కర్లేదు. రిటైరైన తెలుగు మాస్టార్లు వీధికొకరున్నారు, పిలిస్తే సంతోషంగా వస్తారు. గ్రంథాలయాలకు వారపు సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం తాళం తీసే ఉంటుంది. రీడింగ్ హాల్లో మాత్రం వద్దు. అక్కడ పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలుంటారు, మేం గట్టిగా కథలు చదివితే మెడపట్టి గెంటేస్తారు. ఫ్యాను తిరిగే చిన్న గది, రెండు గంటలు చాలు. వయసు, డిగ్రీ అడగొద్దు. ఫీజు పెట్టినా వంద దాటనివ్వొద్దు.

జిల్లా గ్రంథాలయ సంస్థ వాళ్లు గుంటూరులో ఒక్కచోట మొదలుపెడితే చాలు, ఆ క్లాసు కరపత్రం కంపోజింగ్ నేను ఉచితంగా చేసిపెడతాను. కాగితం, ప్రింటింగు ఖర్చు మాత్రం వాళ్లదే.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
బ్రాడీపేట, గుంటూరు