గార పళ్ళకు మొదటి వైద్యం క్యాపులు కాదు

సంపాదకుడు గారికి,

మర్రిగూడ, మునుగోడు వైపు గానీ, కనిగిరి, పామూరు వైపు గానీ పెళ్ళి కుదిరిన అమ్మాయిలు, అబ్బాయిలు ముందరి పళ్ళు ఆరింటికో ఎనిమిదింటికో క్యాపులు వేయించుకుంటున్నారు. ఫ్లోరైడ్ నీళ్ళు మిగిల్చిన గార పెళ్ళి ఫొటోల్లో కనబడకూడదన్న ఆరాటంలో తప్పేమీ లేదు. కానీ క్యాపు కోసం ఒకసారి అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు. ఈ సంగతి కుర్చీలో కూర్చోకముందే వాళ్ళకు తెలియాలి.

ఈ గార పైన అంటుకున్నది కాదు. ముందరి శాశ్వత దంతాల ఎనామిల్, అంటే పన్ను పైనుండే గట్టి పొర, తయారయ్యేది పుట్టిన కొద్ది నెలల నుంచి నాలుగైదేళ్ళ లోపు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ వయసులో అంతకు మించితే ఎనామిల్ గట్టిపడక, కంటికి కనబడని రంధ్రాలతో గుల్లగా మిగులుతుంది. పన్ను వచ్చేటప్పుడు సుద్దలా తెల్లగా ఉంటుంది. గోధుమ రంగు ఆ తర్వాత రంధ్రాల్లోకి ఇంకుతుంది. అందుకే క్లీనింగ్‌తో ఇది పోదు. బొగ్గు పొడితో, ఉప్పుతో తోమితే మచ్చ అలాగే ఉంటుంది, ఉన్న ఎనామిల్ కాస్తా అరిగి పళ్ళు జివ్వుమంటాయి.

మచ్చ ఎంత లోతుందో దాన్ని బట్టే వైద్యం. పన్ను వెనక నుంచి చిన్న లైటు వేస్తే లోతు చాలావరకు అంచనాకు వస్తుంది. పైపొరకే పరిమితమైన గోధుమ మచ్చకు మైక్రోఅబ్రేషన్ చాలు. చిగుళ్ళకు తగలకుండా రబ్బరు డ్యామ్ (పళ్ళు మాత్రమే బయటికి ఉండేలా కప్పే రబ్బరు పొర) బిగించి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, గరుకు పొడి కలిసిన పేస్టును రబ్బరు కప్పుతో నిమిషం చొప్పున రుద్దుతారు. కడిగి, పన్ను తడిగా ఉన్నప్పుడే చూసి, కావాలంటే మళ్ళీ రుద్దుతారు. ఆరిన పన్ను ఉన్నదానికంటే తెల్లగా కనబడి మోసం చేస్తుంది. పోయే పొర సుమారు మిల్లీమీటరులో పదో వంతు. డ్యామ్ లేకుండా చేస్తామంటే ఒప్పుకోకండి, చిగుళ్ళు కాలతాయి.

మిగిలిన పసుపుకు ఇంట్లో చేసుకునే బ్లీచింగ్ ఉంది. పళ్ళ అచ్చు తీసి చేసిన ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్‌ను పన్నుకు బియ్యపు గింజంత వేసి రాత్రిపూట పెట్టుకోవాలి. మామూలు పళ్ళకు రెండు వారాలు చాలు, గార పళ్ళకు నెల పైన కూడా పట్టవచ్చు. మొదటి రోజుల్లో తెల్ల మచ్చలు మరింత తెల్లగా కనబడతాయి, కంగారుపడి ఆపేయకండి. జివ్వుమంటే ఒక రోజు విడిచి ఒక రోజు పెట్టుకోండి. గర్భిణులు వాయిదా వేసుకోవాలి.

గుంటలు పడి అంచులు విరిగిన పళ్ళకు కాంపోజిట్, అంటే పంటి రంగులో ఉండే ఫిల్లింగ్, పెడతారు. బ్లీచింగ్ అయ్యాక రెండు వారాలు ఆగాలి, లేకపోతే సరిగా అతుక్కోదు. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఫ్లోరైడ్ పట్టిన ఎనామిల్ పైపొర ఆమ్లానికి తొందరగా లొంగదు. మామూలు పన్ను మీద 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం 15 నుంచి 30 సెకన్లు ఉంచితే సరిపోతుంది. ఈ పళ్ళకు పైపొరను కాస్త గరుకు చేసి, ఆమ్లాన్ని ఇంకాసేపు ఉంచాలి. అలా చేయని చోట కాంపోజిట్ కొద్ది నెలలకే పెచ్చులా లేస్తుంది. ‘కాంపోజిట్ నిలవలేదు, ఇక క్యాపే గతి’ అనే మాట అక్కడే మొదలవుతుంది. నిజానికి కాంపోజిట్‌కు టీ మరక పడితే పాలిష్ చేయవచ్చు, మూల విరిగితే ఆ మూల వరకే అతికించవచ్చు.

దానికీ లొంగని రంగుకు సిరామిక్ వెనీర్, అంటే పన్ను ముందు వైపు అతికించే పలుచని పింగాణీ పొర, ఉంది. పన్ను ముందు వైపు అర మిల్లీమీటరు తీస్తే చాలు. క్యాపుకైతే చుట్టూ మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర, కొరికే అంచున రెండు మిల్లీమీటర్లు పోతాయి, అంటే బయటికి కనబడే పన్నులో సుమారు మూడింట రెండు వంతులు. ఇరవై ఏళ్ళ వయసులో పన్ను లోపల నరం ఉండే గది పెద్దది. అంత లోతు అరగదీస్తే నరం దెబ్బతిని రూట్ కెనాల్ దాకా పోవచ్చు. నొప్పి, పుచ్చు, దెబ్బ ఏవీ లేని పన్నుకు ‘క్యాపు కోసం ముందే రూట్ కెనాల్’ అంటే ఎందుకని గట్టిగా అడగండి, ఇంకో డాక్టరుకు కూడా చూపించుకోండి. సగానికి పైగా విరిగిన పన్నుకు, రూట్ కెనాల్ అయి బాగా బలహీనపడిన పన్నుకు మాత్రం క్యాపు తప్పదు.

పన్నే లేకపోతే బ్రిడ్జి (పక్క పళ్ళ ఆధారంతో నిలిపే కట్టుడు పన్ను) కోసం పక్కనున్న రెండు మంచి పళ్ళను అరగదీయాల్సి వస్తుంది. దవడ ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పన్ను నిలిపే ఇంప్లాంట్‌కు ఆ అవసరం లేదు, కానీ దవడ ఎదుగుదల పూర్తి కావాలి, ఎముక పట్టుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి. షుగర్ అదుపులో లేనివారికి, పొగతాగేవారికి అది విఫలమయ్యే ముప్పు ఎక్కువ. పెళ్ళి నెలలో ఉంటే తీసి పెట్టుకునే పన్నుతో సర్దుకోవడం నయం. ఇంప్లాంట్ వేయించుకున్నవారు దాని కంపెనీ, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ అడిగి దాచుకోవాలి. పదేళ్ళకు స్క్రూ వదులైతే అదే ఆధారం.

పళ్ళ మీద ఫ్లోరైడ్ దెబ్బ మన ప్రాంతానికి కొత్త కాదు. నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే నమోదు చేశారు. మైక్రోఅబ్రేషన్‌కు, కాంపోజిట్‌కు ల్యాబ్ అక్కర్లేదు, చాలావరకు ఒకటి రెండు సార్లు వస్తే సరిపోతుంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల దంత విభాగాల్లో ఈ రెండింటికీ వారంలో ఒక రోజు కేటాయించాలని, ఆ రోజు ఏదో ఊరూరా తెలిసేలా చూడాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను కోరుతున్నాం.

— దంత వైద్యులు, నల్లగొండ