శాలువా కప్పే ముందు రక్తపరీక్ష చేయించండి

సంపాదకులకు,

ఉత్తర తెలంగాణ క్రీడాకారులు విదేశీ శిబిరాలకు వెళ్లడం ఇప్పుడు వింతేమీ కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు ముందు భారత బాక్సింగ్ జట్టు జర్మనీలోని సార్‌బ్రూకెన్‌లో సాధన చేసింది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ ఆ జట్టులో ఉంది. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి అదే ఏడాది కోబెలో 400 మీటర్ల టీ20 (మేధోపరమైన లోపం ఉన్న క్రీడాకారుల విభాగం) పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టింది, పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. వాళ్ల వెనక వస్తున్న పిల్లల్లో ఎవరో ఒకరికి రేపు ‘పెద్ద జట్టుతో ఆరు వారాల శిక్షణ’ అని ఉత్తరం వస్తుంది. వెంటనే సన్మానం, దండలు, జిల్లా పేజీలో ఫొటో. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి ఏమేం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. శిబిరం కలిసొస్తుందా లేదా అన్నది చాలావరకు ఆ మూడు నెలల్లోనే తేలిపోతుంది.

మొట్టమొదట రక్తపరీక్ష. హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే చాలదు, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ కూడా చూడాలి. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెర్రిటిన్ అడుగంటిన అమ్మాయిలు దూరపు పరుగుల్లో తరచూ కనిపిస్తారు. పెద్ద జట్లు ఎత్తైన చోట్లకు వెళ్తాయి. నీరజ్ చోప్రా సాధన చేసిన దక్షిణాఫ్రికాలోని పోచెఫ్‌స్ట్రూమ్ సుమారు 1,350 మీటర్ల ఎత్తు, ఫ్రాన్స్‌లోని ఫాంట్ రోమ్యూ 1,850, కెన్యాలోని ఇటెన్ 2,400. మన హనుమకొండ 300 మీటర్లు కూడా లేదు. ఎత్తుకు పోయాక ఒళ్లు కొత్త ఎర్ర రక్తకణాలు చేసుకుంటుంది, అందుకు ఇనుము కావాలి. నిల్వ లేకుండా వెళ్లినవాళ్లకు అలసటే మిగులుతుంది. డాక్టర్ రాసిచ్చిన ఐరన్ గోలీలతో నిల్వ నిండటానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, మూడు నెలల ముందే పరీక్ష అని మేం పట్టుబట్టేది అందుకే. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము సరిగా ఒంటబట్టదు, గంటా రెండు గంటలు ఆగాలి. గోలీని నిమ్మరసంతో వేసుకుంటే మేలు.

తొందరపడి సెలైన్‌లో ఐరన్ ఎక్కించుకుందామనుకుంటే అది డోపింగ్ వ్యవహారమవుతుంది. ఈ సంగతి ఊళ్లలో దాదాపు ఎవరికీ తెలియదు. 12 గంటల వ్యవధిలో మొత్తం 100 మిల్లీలీటర్లు దాటి నరంలోకి ఏది ఎక్కించినా నిషిద్ధ పద్ధతే, అందులో ఉన్నది ఉత్త ఉప్పునీరైనా సరే. ఆసుపత్రి చికిత్సలోనో, శస్త్రచికిత్సలోనో, వ్యాధి నిర్ధారణ పరీక్షలోనో భాగమైతేనే మినహాయింపు. జ్వరమొస్తే, నీరసమైతే ఆర్‌ఎంపీ దగ్గర 500 మిల్లీలీటర్ల బాటిల్ ఎక్కించుకోవడం మన ఊళ్లలో ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. దానితోపాటు ఇచ్చే సూదిలో డెక్సామెథసోన్ ఉండటమూ అంతే మామూలు. ఈ స్టెరాయిడ్ సూది పోటీ సమయంలో నిషిద్ధం, ఆనవాళ్లు రోజుల తరబడి ఒంట్లో ఉంటాయి. కొన్ని జలుబు గోలీల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా పోటీ సమయంలో పరిమితి దాటితే పట్టుబడుతుంది. ‘డాక్టరే ఇచ్చాడు’ అన్నా, ‘నాకు తెలియదు’ అన్నా బాధ్యత క్రీడాకారుడిదే. ఎంపిక ఉత్తరం అందిన రోజు నుంచి ప్రతి మందు పేరూ నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) యాప్ ‘నో యువర్ మెడిసిన్’లో చూసుకుని, డాక్టర్ చీటీని భద్రంగా ఉంచుకోవాలి. ఉబ్బసం వంటిది ఉంటే మందును బట్టి చికిత్సా మినహాయింపు (నిషిద్ధ మందును చికిత్స కోసం వాడుకునే అనుమతి) అవసరమా అని ముందే తేల్చుకోవాలి, అవసరమైతే కనీసం 30 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. డోపింగ్ పరీక్షల నమోదు జాబితాలో పేరున్నవాళ్లు రోజూ 60 నిమిషాలు ఎక్కడ దొరుకుతారో రాసివ్వాలి. విదేశంలో హాస్టల్ గది మారినా అందులో మార్చాలి. 12 నెలల్లో మూడు తప్పులైతే రెండేళ్ల దాకా నిషేధం పడొచ్చు.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పదో తరగతి మెమోలో పూర్తి పేరు, పాస్‌పోర్టులో ఆ గడే ఖాళీ. ఇలాంటివి ఉత్తరం రాకముందే సరిచేయించుకోవాలి. యూరప్‌లో చాలా దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అయితే మామూలు ప్రయాణ బీమాలు చాలావాటిలో క్రీడాశిక్షణలో తగిలే గాయానికి పైసా రాదు. ఆ షరతు చదివి, గాయాలకూ వర్తించే పాలసీ తీసుకోవాలి.

ఇక మైదానం. అక్కడి కోచ్ మొదట అడిగేది పతకాలు కాదు, గత ఎనిమిది వారాల్లో ఎంత పని చేశావని. కష్టాన్ని పదింట లెక్కేసి నిమిషాలతో హెచ్చిస్తే చాలు: 90 నిమిషాల సాధన, కష్టం 7, అంటే 630. రోజూ ఇది రాసిన నోటుబుక్ ఉన్న పిల్లలు మన దగ్గర తక్కువ, అది కోచ్‌ల లోపమే. ఆ వారపు సగటు తెలిస్తే అక్కడ మొదటి వారం అందులో మూడింట రెండు వంతులకు దించి, మెల్లగా పెంచుతారు. తెలియకపోతే పిల్లవాడు మొదటి రోజే ఒలింపియన్ పక్కన పరుగెత్తి, వాళ్లు చేసినన్ని రిపిటిషన్లూ చేస్తాడు. కండరం తట్టుకుంటుంది. స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు), ఎముక అంత త్వరగా అలవాటుపడవు. రెండో వారానికి మడమ వెనకో పిక్క ఎముక మీదో నొప్పి మొదలవుతుంది. మట్టి గ్రౌండ్ నుంచి నేరుగా గట్టి సింథటిక్ ట్రాక్ మీదికి వెళ్లినవాళ్లకు ఇది మరీ ఎక్కువ. అందుకే చివరి నెలన్నర వారానికి రెండుసార్లయినా హనుమకొండ జేఎన్‌ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) ట్రాక్ మీద స్పైక్స్ (అడుగున పిన్నులుండే బూట్లు)తో పరుగెత్తించాలి. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన ట్రాక్ అది, మన పిల్లలకు వారానికి రెండు గంటలు ఇవ్వడం గొప్ప సంగతేమీ కాదు.

లెక్కల్లో కూడా పొరపాట్లు జరుగుతాయి. ‘200 మీటర్లు ఆరు, 85 శాతం’ (200 మీటర్ల పరుగు ఆరుసార్లు, 85 శాతం జోరుతో) అని రాసి ఉంటే, 22.0 సెకన్ల పిల్లవాడికి ఒక కోచ్ వేగాన్ని బట్టి 25.9 అంటాడు, ఇంకొకరు టైముకు 15 శాతం కలిపి 25.3 అంటారు. ఆరు పరుగుల్లో ఆ తేడా ఒళ్లు హూనం చేస్తుంది. మొదటి సెషన్‌కు ముందే సెకన్లలో అడిగి రాసుకోవాలి. అర్థం కాకపోయినా ‘ఎస్ సార్’ అని తలూపడం, నొప్పి చెబితే పంపేస్తారని దాచడం మనవాళ్లలో ఎక్కువ. అక్కడి ఫిజియోకు పదింట మూడు నొప్పి ఉన్నప్పుడే చెబితే రెండు రోజుల విశ్రాంతితో పోతుంది, ఏడుకు చేరాక చెబితే శిబిరమే పోతుంది. ఏప్రిల్‌లో 40 డిగ్రీల నుంచి జర్మనీలో 10 లోపు చలిలోకి దిగితే 20 నిమిషాల వార్మప్ చాలదు, రెట్టింపు చేయాలి.

సామాన్ల విషయానికొస్తే, యూరప్‌కు నెయ్యి, కోడి పచ్చడి కట్టివ్వకండి. మాంసం, పాల పదార్థాలను అక్కడి కస్టమ్స్ తీసేసుకుంటుంది. మామిడి పచ్చడిని సీల్ చేయించి చెకిన్ బ్యాగులో వేయొచ్చు. స్పైక్ షూలు చేతి బ్యాగులో ఉంచి పిన్నులు మాత్రం చెకిన్‌లో వేస్తే, బ్యాగు ఆలస్యమైనా మర్నాటి సాధన ఆగదు. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి.

మేం అడిగేది పెద్ద ఖర్చేమీ కాదు. జిల్లా క్రీడల కార్యాలయంలో ఎంపికైన ప్రతి క్రీడాకారుడి పేర ఒక ఫైలు తెరవాలి. అందులో రక్తపరీక్షల రిపోర్టులు, మందుల జాబితా, ఎనిమిది వారాల సాధన లెక్క, పాస్‌పోర్టు, బీమా నకళ్లు ఉండాలి. ఫైలు చూసే బాధ్యత ఒక ఉద్యోగికి, ఒక ఫిజియోకు పేరు పెట్టి అప్పగించాలి. పరీక్షల, వీసా, బీమా డబ్బు తిరిగొచ్చాక ఇచ్చే నజరానాలోంచి కాకుండా వెళ్లే ముందే చేతికందాలి.

ఇట్లు,
కొందరు అథ్లెటిక్స్ కోచ్‌లు, ఫిజియోలు
హనుమకొండ