కాకిని కూడా రాయాలట!

మామా,

దసరాకి ఊరికి రాలేదని నీ మీద కోపం ఇంకా పోలేదు. చిన్నప్పుడు జమ్మికి పోతూ పాలపిట్ట కోసం చెరువు కట్ట మీద కాపు కాసేవాళ్లం, గుర్తుందా? ఈసారి ఒక్కటీ కనబడలేదు. ఒకడు మాత్రం పంజరంలో పెట్టుకొచ్చి, చూపిస్తా పది ఇవ్వమన్నాడు. దాని రెక్కలు కత్తిరించి ఉన్నాయిరా. మనసు పాడైపోయింది.

అప్పటి నుంచి పిట్టలు లెక్కపెడుతున్నాను. నవ్వకు! ఈబర్డ్ అని యాప్ ఉంది, అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లది. కాసేపు చూసి, కనబడినవీ వినబడినవీ అన్నీ అందులో రాయాలి. కాకి, పావురం కూడా. "కాకులెందుకు సార్?" అని మా పిట్టలు చూసే గుంపులో పెద్దాయన్ని అడిగాను. "నువ్వు రాయకపోతే అక్కడ కాకి లేదనుకుంటారు బాబూ" అన్నాడు. అంటే కనబడలేదన్నదీ సమాచారమే! నేను ఉత్త చేతులతో తిరిగొచ్చిన పొద్దున కూడా ఎవరికో పనికొస్తుందన్నమాట.

మొదటి వారమే పరువు పోయింది. కరెంటు తీగ మీద నీలం రెక్కలు చూసి పాలపిట్ట అని రాసేశాను. ఆయన ఫొటో పెద్దది చేసి, "ముక్కు చూడు, ఎర్రగా ఎంత పొడుగుందో. లకుముకి ఇది" అన్నాడు. దిద్దుకున్నాను.

ఇలా 30 వేల మందికి పైగా రాసిన 3 కోట్ల నమోదుల మీదే 2023లో దేశంలోని పక్షుల స్థితి మీద నివేదిక వచ్చింది. 942 జాతుల్ని చూశారు. అంతరించిపోయే ప్రమాదం ఎంతుందో మళ్లీ తేల్చండని 14 జాతుల పేర్లిస్తే, అందులో మన పాలపిట్ట కూడా ఉంది. తెలంగాణ రాష్ట్ర పక్షి అని గొప్పగా చెప్పుకుంటాం, ఇదీ దాని గతి. నెమళ్లు మాత్రం పెరిగాయట.

అన్నట్టు, సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు మాయమయ్యాయని నాతో పోట్లాడావు కదా. అంతకు ముందు 2020లో వచ్చిన ఇలాంటి నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకలు దాదాపు నిలకడగానే ఉన్నాయి, తగ్గింది హైదరాబాద్ లాంటి పెద్ద నగరాల్లో. టవర్లకి ఆధారం దొరకలేదు. పందెం బిర్యానీ బాకీ!

ఒక్కటి మాత్రం నాకు నచ్చదు. మనం లెక్కలు రాసిస్తాం, ఏం వెతకాలో నివేదిక రాసేవాళ్లే నిర్ణయిస్తారు. మా చెరువులో నీళ్లు లేని ఏడాది ఏ పిట్టలు రావో చూద్దామని నాకుంది. ఆ ప్రశ్న ఎవరికి చెప్పాలి? కేరళలో నయం. 2015 నుంచి 2020 దాకా వెయ్యి మందికి పైగా కలిసి పక్షుల అట్లాస్, అంటే ఏ పిట్ట ఎక్కడుందో చూపే మ్యాపులు, చేశారు. పిట్టలు బాగా దొరికే చోటికి కాదు, మ్యాపు మీద ముందే గీసిపెట్టిన గడి ఎక్కడ పడితే అక్కడికే పోయారు. అది రబ్బరు తోటైనా సరే. అలాంటిది మన దగ్గర కూడా చెయ్యాలిరా.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు అందరూ కలిసి లెక్కపెట్టే పండగ ఉంటుంది. ఆ శనివారం వచ్చెయ్. పొద్దున అయిదున్నరకి లేపుతా, తిట్టకు. బైనాక్యులర్ ఒకటే ఉంది, వంతులేసుకుందాం. కాకులు నువ్వు రాయి.

నీ
మామ