కురుసుర దగ్గర గ్లూకోజ్ తాగించిన అమ్మగారికి

పోయిన ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్‌లో, కురుసుర జలాంతర్గామి ఎదురుగా గట్టు మీద కూలబడిన మనిషిని నేనే. మీ పేరు అడగాలన్న ధ్యాస కూడా లేదప్పుడు.

షుగర్ ఉందని తెలిసి అప్పటికి మూడు వారాలు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 9.2. ఆ భయంతో అన్నం మానేశాను, రాత్రికి ఒక్క పుల్కా. తెల్లారగానే షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో నడక! ఎంత నడిస్తే అంత మంచిదనుకున్నాను. షుగర్ మరీ పడిపోయి చేతులు వణికాయి, చొక్కా తడిసి ముద్దయింది, కళ్లు మసకలు కమ్మాయి.

చాలామంది చూసుకుంటూ పోయారు. తాగి పడ్డాననుకున్నారేమో, వాళ్లని తప్పుపట్టను. మీరు ఆగారు. "ఏటైంది బాబూ? షుగరుందా?" అంటూనే సంచిలోంచి గ్లూకోజ్ పొడి తీసి, మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించారు. 15 నిమిషాలు కదలనివ్వలేదు. కొత్త సూది మార్చి మీ మిషన్‌తో చూస్తే, అంతా తాగాక కూడా 78! ఆటో ఎక్కిస్తూ తిట్టారు కూడా: "ఆ మాత్ర టిఫినుకి ముందు బాబూ, నడకకి ముందు కాదు. అన్నం మీద అలిగితే రోగం తగ్గుద్దేటి?"

డాక్టరుగారూ అదే మాట అన్నారు, మోతాదు కూడా తగ్గించారు. ఇప్పుడు రోజూ చోడి (రాగి) అంబలి తాగాకే గడప దాటుతున్నాను, జేబులో గ్లూకోజ్ పొట్లంతో.

మీ స్టీలు చెంచా నా దగ్గరే ఉండిపోయిందమ్మా. ఆదివారం అదే గట్టు మీద ఉంటాను.