ఫ్లోరిన్ ఎంతో చెప్పకుండా టీడీఎస్ చూపిస్తే ఎట్లా?

సంపాదకులకు నమస్కారం.

మర్రిగూడ మండలంలో చిన్న ఆర్వో నీళ్ల ప్లాంటు నడుపుతాను. ఈ ఉత్తరం రాస్తే గిరాకీ పోతుందని ఇంట్లో అంటున్నారు. పోతే పోనీ.

క్యాన్ పట్టుకొచ్చేవాళ్లు నన్ను అడిగేది ఒకటే, "అన్నా, టీడీఎస్ ఎంత?" తక్కువ అంకె చెబితే ఖుషీగా పోతారు. ఫ్లోరిన్ (ఫ్లోరైడ్) సంగతి ఎవరూ అడగరు. ఆ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషుల మధ్య పుట్టి పెరిగినోళ్లం మేము!

టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంత అనే లెక్క. బస్తా తూకం చూసి వడ్లల్లో తాలెంతో చెప్పలేం కదా. టీడీఎస్ లీటరుకు 300 మిల్లీగ్రాములే ఉన్న బోరు నీళ్లలో ఫ్లోరైడ్ 3 మిల్లీగ్రాములు ఉండొచ్చు. మన దేశ ప్రమాణం ప్రకారం అది 1 దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు.

ఈ టీడీఎస్ భయం ఎక్కువగా ఫిల్టర్లు అమ్మేవాళ్లు పెట్టిందే. ఇంటికొచ్చి ఒక గ్లాసులో నల్లా నీళ్లు, ఇంకో గ్లాసులో ఫిల్టర్ నీళ్లు పోసి ఇనుప కడ్డీలు ముంచి కరెంటు పెడతారు. నల్లా నీళ్లు మురికి రంగుకి తిరుగుతాయి. ఆ రంగు కడ్డీల ఇనుముది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, ఇనుము కరుగుతుంది, అంతే. ఈసారి వస్తే ఫిల్టర్ నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి, ఆయన మొహం చూడాలి.

సర్కారు ఇచ్చే మిషన్ భగీరథ నల్లా నీళ్లకు బ్లీచింగ్ వాసన వస్తుందని ఇంకో టెన్షన్. క్రిములు చావాలని కలిపే క్లోరిన్ అది. బిందె మూత తీసి కాసేపు ఉంచితే వాసన పోతుంది. వాసన కొట్టేదానికి భయపడుతున్నారు, రంగు రుచి లేకుండా ఏళ్ల తరబడి ఎముకల్లో చేరేదాన్ని మరిచిపోతున్నారు.

నన్ను ఎక్కువ భయపెట్టేది వంట. తాగడానికి నా క్యాన్, అన్నానికీ పప్పుకీ చాయ్‌కీ బోరు నీళ్లు. "మరిగిస్తాం కదా" అంటారు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కనవుతుంది. పైపు పగిలి భగీరథ నీళ్లు నాలుగు రోజులు రాకపోతే చిన్నపిల్లల ఇళ్లలో కూడా ఇదే వరస.

అధికారులు వచ్చినప్పుడు "పరిమితిలోనే ఉంది, భయం లేదు" అని వెళ్లిపోతారు. ఏది ఎంతుందో, ఏ బోరులోనో చెప్పరు. మీ పేపర్లో కూడా ఒకసారి "విషపు నీళ్లు" అని వస్తుంది, ఇంకోసారి "ఫ్లోరైడ్ రహితం" అని వస్తుంది, రెండింటిలోనూ అంకె ఉండదు. జనం ఏది నమ్మాలి?

ప్రతి బోరు మీద, ప్రతి ట్యాంకు మీద ఫ్లోరైడ్ ఎంతో, ఎప్పుడు పరీక్ష చేశారో పెయింటుతో రాయించండి. ఎక్కువున్న చోట "తాగొద్దు, వండొద్దు, బట్టలు ఉతుక్కోవచ్చు" అని తెలుగులో రాస్తే చాలు. ప్రైవేటు ప్లాంట్లకూ ఇదే రూలు పెట్టాలి. నీళ్లను వడగట్టే పొర (మెంబ్రేన్) పాడైతే మా నీళ్లలోనూ ఫ్లోరైడ్ పరిమితి దాటొచ్చు. టీడీఎస్ ఒక్కటే రాసిన బోర్డు నా ప్లాంటు ముందున్నా సరే, పీకించండి.

– ఒక నీళ్ల ప్లాంటు యజమాని,
మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా