అమ్మలూ, నట్టు తిప్పేముందు స్కేలు పట్టుకో

అమ్మలూ,

క్లచ్ బాగా పైకి వదిలితే గానీ బండి కదలడం లేదని, అడ్జస్ట్‌మెంట్ నువ్వే చేసుకుంటానని రాశావు. చేసుకోవచ్చు, పెద్ద పనేం కాదు. ముందు పెడల్‌ని కొలువు, నట్టు సంగతి తర్వాత.

ఇంజను ఆపి, కాళ్ల దగ్గరి మ్యాట్ తీసెయ్యి. మ్యాట్ మడతపడి పెడల్ కింద ఇరుక్కున్నా క్లచ్ పూర్తిగా వీడదు. స్టీలు స్కేలు నేలకి ఆనించి పెడల్ రబ్బరు పక్కన నిలబెట్టి, పెడల్‌ని చేతి వేళ్లతో నొక్కు. మొదట కాస్త దూరం తేలిగ్గా పోతుంది, తర్వాత ఒక్కసారిగా బరువు తగులుతుంది. ఆ తేలిక కదలికే ఫ్రీ ప్లే. కాలితో తొక్కితే ఈ తేడా అసలు తెలియదు. రెండు మూడుసార్లు కొలిచి రాసుకో. కేబుల్ క్లచ్ (పెడల్ నుంచి తీగతో లాగేది) ఉన్న బండ్లలో చాలావాటికి 10 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది గానీ, నీ బండికి మాన్యువల్‌లో ఇచ్చిందే లెక్క. కొన్ని కేబుళ్లు వాటంతటవే సర్దుకుంటాయి, వాటి జోలికి పోవద్దు.

ఇక అసలు విషయం. ప్లే తగ్గిందా, పెరిగిందా? రెండింటికీ కారణాలు వేరు. క్లచ్ ప్లేట్ అరిగేకొద్దీ, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్ ఇంజనుతో తిరిగే చక్రం, అంటే ఫ్లైవీల్ వైపు జరుగుతుంది; ప్రెషర్ ప్లేట్ స్ప్రింగు వేళ్లు, పెడల్ తొక్కినప్పుడు వాటిని నెట్టే రిలీజ్ బేరింగ్ మీదకి వస్తాయి. కాబట్టి ప్లే నెమ్మదిగా తగ్గడం మామూలే. పట్టించుకోకపోతే అది సున్నా అవుతుంది. అప్పుడు బేరింగ్ ఎప్పుడూ వేళ్లకి ఆనుకుని తిరుగుతూ అరిగిపోతుంది. స్ప్రింగు కూడా ప్లేట్‌ని గట్టిగా పట్టుకోలేకపోతుంది. పై గేరులో ఎక్సలరేటర్ తొక్కితే మోత పెరుగుతుంది గానీ వేగం పెరగదు, కాలిన వాసన వస్తుంది. నీ బండి లక్షణం ఈ వైపే ఉంది.

అదే ప్లే పెరుగుతూ పోతే ప్లేట్ మీద నెపం వెయ్యకు. ప్లేట్ అరిగినందువల్ల ప్లే ఎప్పుడూ పెరగదు. కేబుల్ లోపలి తీగలు తెగుతుండాలి, లేదా కేబుల్ ఆనే చోటు నలిగిపోవాలి, లేదా బేరింగ్‌ని నెట్టే రిలీజ్ లివరో, పెడల్ బ్రాకెట్టో వంగుతూ ఉండాలి. క్లచ్ పూర్తిగా వీడదు కనుక రివర్స్ వేసేటప్పుడు గర్రుమంటుంది. నట్టు బిగిస్తే నాలుగు రోజులు బాగానే ఉన్నట్టుంటుంది, తర్వాత నడిరోడ్డు మీద కేబుల్ తెగుతుంది. కేబుల్ రెండు కొసలూ వెలుతురులో చూడు. ఒక్క పోగు విడి కనిపించినా కేబుల్ మార్చాల్సిందే.

నట్టు ఎక్కడుందంటావా? బానెట్ ఎత్తి కేబుల్ వెంటే గేరుబాక్సు దాకా చూస్తే, చాలా బండ్లలో లివర్ దగ్గర మరలున్న కొస, దాని మీద అడ్జస్టింగ్ నట్టు, లాక్ నట్టు కనిపిస్తాయి. మట్టి, తుప్పు బ్రష్‌తో దులిపి, తుప్పు వదిలే ఆయిల్ కొట్టి పది నిమిషాలు ఆగు. నట్టు బయట ఎంత మర ఉందో కొలిచి పెట్టుకుంటే, తేడా వచ్చినా మొదటి చోటికి తేవచ్చు. లాక్ నట్టు వదులు చేసేటప్పుడు కేబుల్ కొసని కటింగ్ ప్లేయర్‌తో కదలకుండా పట్టుకో. నట్టుతోపాటు కొస కూడా తిరిగితే లోపల తీగలు మెలిపడతాయి. ప్లే పెరగాలంటే అడ్జస్టింగ్ నట్టు వదులు చెయ్యాలి, తగ్గాలంటే బిగించాలి. ఒక్కోసారి అర చుట్టు చాలు, ఎందుకంటే లివర్ దగ్గర ఒక మిల్లీమీటరు తేడా పెడల్ దగ్గర ఎన్నో రెట్లు కనిపిస్తుంది. ప్రతిసారీ పెడల్‌ని పది సార్లు పూర్తిగా తొక్కి వదిలి మళ్లీ కొలువు. లాక్ నట్టు బిగించాక ఇంకోసారి కొలవడం మరిచిపోవద్దు, ఆ బిగింపులోనే అడ్జస్టింగ్ నట్టు కాస్త జరుగుతుంది. వదులు చేస్తూ చేస్తూ నట్టు మర చివరికి వచ్చేసిందంటే ప్లేట్ పని అయిపోయినట్టే.

పని అయ్యాక రెండు పరీక్షలు. ఇంజను ఐడిల్‌లో ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వెయ్యి. చప్పుడు లేకుండా పడాలి. రెండోది చదునైన నేల మీద, ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసి చెయ్యి. చక్రాలకి అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, కుడి కాలు బ్రేక్ మీద ఉంచి, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదులు. ఇంజను వెంటనే ఆగిపోతే ప్లేట్ పట్టు బాగున్నట్టు. ఆగకుండా తిరుగుతూ ఉంటే ప్లేట్ జారుతోంది, వెంటనే క్లచ్ తొక్కెయ్యి. ఇది ఒక్కసారి చాలు, ఊరికే చేస్తే ఉన్న ప్లేటూ మాడుతుంది. ప్లే సరిగ్గా ఉన్నా జారుతుంటే ఇక నట్టు తిప్పి లాభం లేదు.

కేబుల్ బదులు ఆయిల్ పైపు కనిపిస్తే అది హైడ్రాలిక్ క్లచ్. ప్లేట్ అరుగుదలని అది తనే సర్దుకుంటుంది. పెడల్ దగ్గర, తొక్కినప్పుడు లోపలికి తోసే పుష్ రాడ్ మీద లాక్ నట్టు ఉంటుంది గానీ, మాన్యువల్ చూడకుండా దాన్ని కదిలించకు. ప్లే తీసేద్దామని రాడ్ పొడవు పెంచితే, పెడల్ దగ్గర ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ తిరిగిపోయే రంధ్రం మూసుకుపోతుంది. ఇంజను వేడెక్కేసరికి ఆయిల్ వ్యాకోచించి, కాలు పెట్టకుండానే క్లచ్ జారుతుంది. రెండు మూడుసార్లు కొడితే గానీ పెడల్ గట్టిపడకపోతే లోపల గాలి చేరినట్టు. క్లచ్‌కి విడి డబ్బా ఉంటే, ప్లేట్ అరిగేకొద్దీ అందులో ఆయిల్ మట్టం కాస్త పెరగాలి. తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. ముందు పెడల్ పైన, తర్వాత గేరుబాక్సు దగ్గర ఆ ఆయిల్ ఒత్తిడితో లివర్‌ని కదిపే స్లేవ్ సిలిండర్ రబ్బరు కింద తడి ఉందేమో చూడు. ఆ ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగెయ్యి.

కొలిచిన ప్లే, నట్టు బయటి మర పొడవు, ఆ రోజు కిలోమీటర్ల రీడింగు, మూడూ రాసి పంపు. మాన్యువల్‌లో ఆ పేజీ ఫొటో కూడా పెట్టు.

నాన్న