పద్నాలుగో బెడ్

చిరంజీవి అమ్మలుకి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు పిన్నికి అక్క పెళ్లి ఫోటోలు చూపిస్తూ వేలు ఇంకొక్కసారి జరిపేసరికి, తలంబ్రాల ఫోటో వెనకే షుగర్ పుండు పడిన పాదం ఒకటి తెర మీదికి వచ్చింది. చప్పున ఫోన్ వెనక్కి తీసుకుని, "ముఖం లేదులే అమ్మా, ఎవరో తెలియదు" అన్నావు. ముఖం లేని మాట నిజమే గానీ, ఆ పాదాన్ని పట్టుకున్న ముంజేతి మీది పచ్చబొట్టు పేరును నేను కళ్లజోడు లేకుండానే చదివాను. పండగ పూట ఎందుకులే అని ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు వార్డుల్లో నర్సుగా పనిచేసినదాన్ని, పూర్తిగా ఊరుకోవడం నా వల్ల కాలేదు.

హౌస్ సర్జన్‌వి, మీ వార్డు గ్రూపులో వాట్సాప్ వాడవద్దని చెప్పడానికి రాయడం లేదు. మా రోజుల్లో డ్యూటీ డాక్టరు కావాలంటే కాల్ బుక్ రాసి వార్డు బాయ్ చేత పంపేవాళ్లం. అతను రెండంతస్తులు దిగి, క్యాంటీన్ దాకా వెతికి, సంతకం పెట్టించుకుని వచ్చేసరికి ఒక్కోసారి అరగంట పట్టేది. ఇప్పుడు ఛాతీ నొప్పితో ఏరియా ఆసుపత్రికి వచ్చిన మనిషి ఈసీజీని ఫోటో తీసి పంపితే, పెద్దాసుపత్రిలోని గుండె డాక్టరు చూసి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇవ్వమని నిమిషాల్లో చెప్పగలుగుతున్నారు. ఆ ఫోటో మాత్రం కాగితం చదునుగా పరిచి, నీ నీడ పడకుండా, అంచున ఉండే 25 మి.మీ., 10 మి.మీ. అనే కొలతల గుర్తులు కూడా కనిపించేలా తియ్యి. మామూలు ఫోటోగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది, సన్న గీతలు అలుక్కుపోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది.

అయితే ఆ పాత కాల్ బుక్‌లో ఎప్పుడు పంపామో, ఎవరు ఎప్పుడు అందుకున్నారో ఒకే గీత మీద రెండు చేతిరాతల్లో ఉండేది. వాట్సాప్ గ్రూపులో పెట్టిన మాటకు ఆ రెండో చేతిరాత ఉండదు. నేను రిటైరయ్యే ముందు ఏడాది ఒక రాత్రి 10 గంటలకు మా పీజీ డాక్టరు, "14కి రాత్రి ఇన్సులిన్ ఆపండి, అన్నం తినడం లేదు" అని గ్రూపులో పెట్టారు. ఆయన రౌండ్స్‌లో చూసిన 14వ బెడ్ మనిషిని, అక్కడ ఆక్సిజన్ పాయింట్ పనిచేయడం లేదని సాయంత్రమే మేము 9కి మార్చాం. 14లోకి కొత్తగా వచ్చినాయనకూ షుగరే. నైట్ సిస్టర్ మెసేజ్ చూసి 14లో ఉన్నాయనకు ఇన్సులిన్ ఆపి, గ్రూపులో సరేనన్నట్టు బొటనవేలి బొమ్మ పెట్టింది. 9లో ఉన్నాయనకు కేస్ షీటు ప్రకారం ఇచ్చేసింది. తెల్లవారుజామున 4 గంటలకు ఆయన ఒళ్లంతా చెమటలు పట్టి పిలిస్తే పలకడం లేదు. గ్లూకోమీటరులో చూస్తే షుగర్ 38కి పడిపోయింది. డెక్స్‌ట్రోజ్, అదే గ్లూకోజ్, ఇచ్చాక కళ్లు తెరిచాడు, బతికాం అనుకున్నాం. పొద్దున ఎవరి ఫోన్ వాళ్లు తీసి చూపించుకున్నారే గానీ, కేస్ షీటులో ఆ రాత్రి గురించి ఒక్క అక్షరం లేదు. బెడ్లు మార్చామని గ్రూపులో చెప్పింది నేనే. ఆ మెసేజ్ మీద ఎవరిదో పుట్టినరోజు కేకూ, దాని మీద శుభాకాంక్షలూ వచ్చిపడ్డాయి. చెప్పేశాను గదా అని నేను కూడా పీజీ గారికి ఫోన్ చేయలేదు.

అందుకే బెడ్ నంబరుతో ఆర్డరు పెట్టకు. పేరు పెడితే గోప్యత పోతుంది, బెడ్ నంబరు పెడితే మనిషే మారిపోతాడు. ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే ఐపీ నంబరులో చివరి నాలుగంకెలూ వయసూ రాస్తే రెండు చిక్కులూ చాలావరకు తీరతాయి. మందు ఆపడం, మోతాదు మార్చడం వంటివి ఫోన్ చేసి చెప్పి, సిస్టర్ చేత తిరిగి చెప్పించుకుని, వార్డుకు రాగానే టైము వేసి కేస్ షీటులో రాయి. హౌస్ సర్జన్‌కు ఇంత చాదస్తమా అని నవ్వుతారు, నవ్వనీ.

2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వాట్సాప్ వంటివాటిని వాడనిచ్చాయి గానీ, ఆ సంభాషణల రికార్డు దాచే బాధ్యతను డాక్టరు మీదే పెట్టాయి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులు 3 ఏళ్లు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మీ గ్రూపులో మెసేజులు 7 రోజులకు వాటంతటవే మాయమయ్యేలా పెట్టుకున్నామన్నావు. గోప్యతకు మంచిదే, కానీ మాయమయ్యేలోపు అందులోని వైద్యం కేస్ షీటుకు ఎక్కిందో లేదో చూసేవాళ్లు ఎవరు? 2016 నుంచి మెసేజులన్నిటికీ ఎన్‌క్రిప్షన్ ఉంది, దారిలో ఎవరూ చదవలేరు అంటావు. పిన్ని చూసింది దారిలో కాదు, మన వసారాలో.

వాట్సాప్ ఫోటోలు గ్యాలరీలోకి వాటంతటవే చేరకుండా ఆ సెట్టింగు ఈరోజే ఆపెయ్యి. పోస్టింగు అయిపోయి వెళ్లినవాళ్లు ఇంకా మీ గ్రూపులో ఎంతమంది ఉన్నారో అడ్మిన్‌ను అడుగు. ఆ పాదం ఫోటో గ్యాలరీలో తుడిచినా చెత్తబుట్టలో కొన్నాళ్లు ఉంటుంది, అక్కడి నుంచి కూడా తీసెయ్యి.

ఇంతకీ ఆమె కాలు నిలిచిందా? ఆదివారం ఫోన్ చేసినప్పుడు, పేరు చెప్పకుండా, ఆ ఒక్క మాట చెప్పు.

ఇట్లు,
మీ అమ్మ